పంచిన కొలది పెరిగిన నిధి

1935వ సంవత్సరమున ఆక్స్‌ఫర్డ్ నగరములో డొరొతీ క్రోఫుట్ అను యువ శాస్త్రజ్ఞురాలు ఇన్సులిన్ స్ఫటికముపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేసి ఒక ఛాయాచిత్రమును తీసిరి. ఆ చిత్రములో కనబడినవి కొన్ని చుక్కలు మాత్రమే. ఆ చుక్కల వెనుక దాగియున్న అణువు యొక్క ఆకృతిని ఆమె చదువగలిగినది 1969వ సంవత్సరమున. నడుమ 34 ఏండ్లు గడచినవి. ఈలోపల ఆమె వివాహమాడి డొరొతీ హాడ్కిన్ అను పేర ప్రసిద్ధి కెక్కిరి. ముగ్గురు బిడ్డలకు తల్లి యైరి. పెనిసిలిన్, బి-12 విటమిను మొదలగు అణువుల నిర్మాణమును కనుగొనినందులకు 1964లో నోబెల్ బహుమానము నందుకొనిరి. కీళ్లవాతము వలన ఆమె చేతివ్రేళ్లు వంకరలు పోయినవి. అయినను ఇన్సులిన్‌ను విడువలేదు. చివరి దశలో ఆమెకు తోడుగా పనిచేసిన బృందములో మన దేశము నుండి వెళ్లిన ఎం. విజయన్ గారును ఉండిరి.

ఇట్లు ఒక జీవితకాలమును వెచ్చించి సంపాదించిన ఫలితము తుదకు ఏ రూపమున నుండును? కొన్ని వందల పరమాణువులు. ఒక్కొక్క దానికి మూడేసి అంకెలు. అంతియే. కొలది కాగితములలో ఇమిడిపోవు పట్టిక యది. ఆ పట్టిక ఎవరిది? కష్టపడినవారిదా? వారిని పోషించిన విశ్వవిద్యాలయముదా? లేక లోకములోని వారందరిదా? ఈ ప్రశ్నకు ఒక శాస్త్రజ్ఞుల సమాజము ఎట్లు సమాధానము చెప్పుకొనెనో, ఆ సమాధానము కుదురుటకు ఎన్ని యేండ్లు పట్టెనో, దానివలన మనబోటి గృహస్థులకు కలిగిన మేలేమో ఈ ప్రసంగమున మేము మనవి చేయదలచితిమి.

మాంసకృత్తు లనగానే మనకు పప్పు, పాలు, గ్రుడ్లు జ్ఞప్తికి వచ్చును. కాని మన శరీరములో జరుగు పనులలో అధికభాగము మాంసకృత్తుల చేతనే జరుగుచున్నది. రక్తములో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్ ఒక మాంసకృత్తు. అన్నమును జీర్ణింపజేయు ఎంజైములు మాంసకృత్తులు. రక్తములోని చక్కెరను అదుపులో నుంచు ఇన్సులిన్ కూడ మాంసకృత్తే. ఇరువది రకముల అమైనో ఆమ్లములు పూసలవలె వరుసగా గ్రుచ్చబడి, ఆ దండ మరల ఒక ప్రత్యేకమైన రీతిలో ముడుచుకొనుట వలన ఒక్కొక్క మాంసకృత్తు ఏర్పడును. ఆ ముడుచుకొనిన ఆకారమే దాని శక్తికి మూలము. తాళపుచెవి పండ్లు ఏమాత్రము తేడాగా నున్నను తాళము తెరచుకొననట్లే, ఆకారము చెడినచో మాంసకృత్తు తన పనిని చేయజాలదు.

ఆ ఆకారమును అంకెలలో చెప్పుట ఎట్లు? ఒక గదిలో వ్రేలాడు దీపము ఎచ్చట నున్నదో చెప్పవలె నన్నచో, ప్రక్క ప్రక్కనున్న రెండు గోడల నుండి దాని దూరమును, నేల నుండి దాని ఎత్తును చెప్పిన చాలును. అట్లే అణువులోని ప్రతి పరమాణువునకును మూడు కొలతలు చెప్పవచ్చును. వీనిని నిరూపకము లందురు. జాన్ కెండ్రూ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1958లో స్థూలముగాను, 1960లో సూక్ష్మముగాను చూపిన మయోగ్లోబిన్ అను చిన్న మాంసకృత్తులో, హైడ్రోజన్‌ను లెక్కింపకయే, 1,200కు పైగా పరమాణువులున్నవి. అనగా 3,600కు పైగా అంకెలు. అంతకు నాలుగింతలున్న హీమోగ్లోబిన్‌పై మాక్స్ పెరూట్జ్ గారు 1937లో పని మొదలిడగా, 1960కి గాని దాని రూపురేఖలు బయటపడలేదు. ఈ ఇరువురకును 1962లో నోబెల్ బహుమానము లభించినది.

అయితే ఈ అంకెలు ఎచ్చట నుండెడివి? శాస్త్ర పత్రికలలో వ్యాసము లచ్చయ్యెడివి. బొమ్మలు, సిద్ధాంతములు వానిలో నుండెడివి. వేలకొలది అంకెలను అచ్చువేయుటకు పత్రికలలో తావెక్కడిది? కావున అవి ప్రయోగశాలల బీరువాలలో, చిల్లులు పొడిచిన అట్టకార్డుల రూపమున ఉండిపోయెడివి. కావలసినవారు జాబు వ్రాసి అడుగవలెను. అడిగినచో వచ్చుట, రాకపోవుట అవతలి వారి దయపై ఆధారపడి యుండెను. వచ్చినను ఒక్క మయోగ్లోబిన్‌కే వేయికి పైగా కార్డుల పెట్టె వచ్చెడిది; త్రోవలో నాలుగు కార్డులు జారిపోయినచో లెక్క తప్పును. పరిశోధకుడు ఉద్యోగము మారినను, కాలధర్మము నొందినను, బీరువాలోని సంపద గతి యేమి? సంరక్షణ లేక చెదలు తిన్న తాటాకు గ్రంథముల కథ మన తెలుగు ఇండ్లకు క్రొత్తది కాదు గదా!

శాస్త్ర సామగ్రిని ఒకచోట చేర్చి అందరకు అందుబాటులో నుంచవలెనను భావము అంతకు మునుపే పుట్టినది. 1957-58లో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సర సందర్భమున భూకంపములు, వాతావరణము, అయస్కాంత క్షేత్రము మొదలగువాని కొలతలను భద్రపరచుటకు ప్రపంచ దత్తాంశ కేంద్రములు నెలకొల్పబడినవి. పరస్పరము కత్తులు నూరుకొనుచున్న అమెరికా, సోవియట్ దేశములు రెండును అందు పాల్గొనుట గమనింపదగిన విషయము. 1965లో కేంబ్రిడ్జి నగరమున ఓల్గా కెన్నార్డ్ గారు చిన్న అణువుల స్ఫటిక నిర్మాణములను ప్రోగుచేయు కేంద్రమును ప్రారంభించిరి. ఆ సంవత్సరమే అమెరికాలో మార్గరెట్ డేహాఫ్ గారు, అప్పటికి తెలిసియున్న 65 మాంసకృత్తుల అమైనో ఆమ్లముల వరుసలను ఒక గ్రంథముగా ప్రకటించిరి. మాంసకృత్తుల ఆకారములకు మాత్రము అట్టి ఇల్లు ఇంకను ఏర్పడలేదు.

1971వ సంవత్సరము జూన్ నెలలో న్యూయార్క్ రాష్ట్రమందలి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అనుచోట మాంసకృత్తుల స్ఫటిక శాస్త్రజ్ఞులు సమావేశమైరి. ఈ అంకెలకు ఒక ఉమ్మడి కోశాగారము కావలెనని హెలెన్ బెర్మన్ మున్నగు యువ శాస్త్రజ్ఞులు కొంతకాలముగా కోరుచుండిరి. ఎడ్గార్ మేయర్ అను శాస్త్రజ్ఞుడు ఆ అంకెలను కంప్యూటరు తెరపై బొమ్మలుగా చూపు పద్ధతులపై కృషి చేయుచుండిరి. సమీపముననే యున్న బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన వాల్టర్ హామిల్టన్ గారు, ఆ కోశాగారమును తమ ప్రయోగశాలలో నిర్వహించుటకు ముందుకు వచ్చిరి. వారు ఇంగ్లండునకు వెళ్లి ఓల్గా కెన్నార్డ్ గారి సహకారమును పొందిరి. ఆ సంవత్సరము అక్టోబరు నెలలో ఒక శాస్త్ర పత్రికలో చిన్న ప్రకటన వెలువడినది. ప్రోటీన్ డేటా బ్యాంక్, అనగా మాంసకృత్తుల దత్తాంశ నిధి, ఏర్పడిన దనియు, నిరూపకములను పంపగోరువారు పంపవచ్చుననియు, కావలసినవారు తీసికొనవచ్చుననియు దాని సారాంశము. ఆనాడు ఆ నిధిలో నున్నవి ఏడు నిర్మాణములు మాత్రమే.

హామిల్టన్ గారు ఈ మొలకను పెంచి చూచుకొను భాగ్యమునకు నోచుకొనలేదు. 1973లో, 41 సంవత్సరముల వయస్సుననే పరమపదించిరి. తరువాత టామ్ కోట్జల్ గారు ఆ భారమును వహించి రెండు దశాబ్దములు నడిపిరి. తొలి దినములలో ఒక పరమాణువునకు ఒక కార్డు. కార్డునకు 80 గడులు. కావున నిధిలోని ప్రతి పంక్తియు 80 అక్షరములకు లోబడి వ్రాయబడినది. కార్డులు పోయి అయస్కాంత టేపులు వచ్చినవి. టేపులు పోయి ఇంటర్నెట్ వచ్చినది. కాని ఆ 80 గడుల ఆచారము దశాబ్దముల తరబడి నిలిచినది. పాత యింటి గడపవలె, కొలత మారకుండ.

ఇచ్చుట స్వచ్ఛందమైనందున మొదట చాలమంది ఇచ్చుటకు తొందరపడలేదు. ఇచ్చట మనము వారిని నిందింపరాదు. ఒక యువకుడు ఆరేడు సంవత్సరములు స్ఫటికముల కొరకు కాచుకొని, రాత్రులు మేల్కొని ఒక నిర్మాణమును సాధించెననుకొందము. అంకెలను వెంటనే బయటపెట్టినచో, అతనికంటె పెద్ద యంత్రములు, ఎక్కువ సహాయకులుగల మరియొకరు వానినుండి తరువాతి ఫలితములను ముందుగా ఏరుకొనవచ్చును. దున్నినవాడొకడు, కోసికొనినవాడొకడు అగును. ఈ భయము నిరాధార మైనది కాదు. మరియొక ప్రక్క వాదమును బలమైనదే. ఈ పరిశోధనలలో అధికభాగము ప్రజలు చెల్లించిన పన్నులతో సాగినది. అంకెలు చూపని వ్యాసమును సరిచూచుట ఎట్లు? చూడరాని సాక్ష్యమును నమ్ముమనుట శాస్త్రమా, శాసనమా?

ఈ వివాదము 1980లలో ముదిరినది. యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రెడరిక్ రిచర్డ్స్ గారు, నిర్మాణములను నిధికి సమర్పించుట విధిగా చేయవలెనని తోటి శాస్త్రజ్ఞుల సంతకములను సేకరించిరి. 1989లో అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర సంఘము నియమములను ప్రకటించినది. వ్యాసము అచ్చగునప్పుడు నిరూపకములను నిధికి సమర్పింపవలెను. కాని కోరినచో ఒక సంవత్సరమువరకు వానిని బయటపెట్టకుండ ఆపుకొనవచ్చును. ఇది మధ్యేమార్గము. రైతునకు తన పంటను తాను ముందుగా చూచుకొను గడువు నిచ్చి, అటుపిమ్మట గాదె తలుపులు అందరకు తెరచినట్లయినది. ఇచ్చినవారి పేరు ప్రతి నిర్మాణముతోపాటు నిధిలో నిలిచియుండును గనుక కీర్తికిని లోటు లేకపోయెను. 1998లో నేచర్, సైన్స్ అను ప్రసిద్ధ పత్రికలు ఆ సంవత్సరపు గడువునుకూడ తొలగించి, వ్యాసము వెలువడిననాడే అంకెలును వెలువడవలెనని శాసించినవి. ఏడు నిర్మాణముల నాటి నుండి ఇంతవరకు వచ్చుటకు 27 ఏండ్లు పట్టినది.

అంకెలు బయటనుండుట వలన కలుగు మేలు వేగము మాత్రమే కాదు, సత్యము కూడ. 2006లో అమెరికాలోని ఒక ప్రయోగశాల, తాను ప్రచురించిన ఐదు వ్యాసములను వెనుకకు తీసికొనవలసి వచ్చినది. వారు వాడుకొనిన ఒక కంప్యూటరు ప్రోగ్రాములో రెండు వరుసల అంకెలు తారుమారైనందున, అద్దములో కుడియెడమలు మారినట్లు అణువు బొమ్మ తలక్రిందులైనది. అందెవరి కపటమును లేదు, పొరపాటు మాత్రమే. స్విట్జర్లాండులోని మరియొక బృందము అదే కోవకు చెందిన మాంసకృత్తు నిర్మాణమును ప్రకటించినప్పుడు గాని ఆ పొరపాటు బయటపడలేదు. ఈలోపల ఎందరో ఆ తప్పుడు బొమ్మను నమ్మి తమ కాలమును, ధనమును వ్యయపరచిరి. 2008 ఫిబ్రవరి నుండి నిరూపకములే గాక, వానికి మూలమైన ప్రయోగపు కొలతలను కూడ సమర్పించుట నిధిలో విధియైనది. లెక్కకు జవాబు మాత్రమే గాక, లెక్క చేసిన పలకను కూడ చూపవలెనన్న మాట.

ఈ పరీక్షలో మన దేశపు కానుక యొకటి కలదు. మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్ గారును, వారి సహచరులు రామకృష్ణన్, శశిశేఖరన్ గారలును 1963లో ఒక పటమును ప్రకటించిరి. మాంసకృత్తుల దండలో ఏ వంపులు సాధ్యములో, ఏ వంపులు అసాధ్యములో ఆ పటము చూపును. నేడు నిధికి వచ్చు ప్రతి మాంసకృత్తు నిర్మాణమును ఆ రామచంద్రన్ పటముతో సరిచూచి, పరీక్షా ఫలితమును అందరకు కనబడునట్లు ఉంచుచున్నారు. పెద్ద యంత్రములు లేని దినములలో మద్రాసులో గీచిన గీతలు, నేడు ప్రపంచపు నిధికి ద్వారపాలకులై నిలిచినవి.

తెలుగువారికి మనసున మెదలవలసిన మరియొక ముచ్చట కలదు. భీమవరమున జన్మించి, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వము వహించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందము, 1940లలో ఫోలిక్ ఆమ్లమునకు విరోధులగు మందులను తయారుచేసినది. వానిలో నొకటియగు మెథోట్రెక్సేట్‌ను క్యాన్సరులకును, కీళ్లవాతమునకును వైద్యులు నేటికిని వాడుచున్నారు. ఆ మందు శరీరములోని ఏ ఎంజైమును, ఏ రీతిగా పట్టుకొనునో కన్నులార చూచు సాధనము సుబ్బారావు గారి కాలమున లేదు. వారు 1948లో స్వర్గస్థులైరి. 1977లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఆ మందు ఎంజైము లోయలో ఒదిగియున్న విధమును ఎక్స్-కిరణములతో చూపిరి. అట్టి నిర్మాణములు నేడు ఈ నిధిలో నున్నవి. భీమవరములోని ఒక బాలిక తన చేతి ఫోనులో నిధిని తెరచి, తమ ఊరి పెద్ద రూపొందించిన మందును పరమాణువులతో సహా త్రిప్పి త్రిప్పి చూడవచ్చును. రుసుము లేదు, అనుమతి పత్రము లేదు.

1998-99లో నిధి నిర్వహణ బ్రూక్‌హేవెన్ నుండి హెలెన్ బెర్మన్ గారి నాయకత్వమున నున్న పరిశోధనా సంస్థల బృందమునకు మారినది. 1971లో ఈ కోశాగారమును కోరిన యువతియే దానికి సారథి యైరి. 2003లో అమెరికా, ఐరోపా, జపాను కేంద్రములు ఏకమై ప్రపంచ సంస్థగా ఏర్పడినవి. పలుచోట్ల కాపలాదారు లున్నను నిధి మాత్రము ఒక్కటే. 2014లో నిర్మాణముల సంఖ్య లక్షను దాటినది. 2023లో రెండు లక్షలను దాటినది.

ఈ సంపద ఆపత్కాలమున ఎట్లు అక్కరకు వచ్చెనో మన మెరుగనిది కాదు. 2020 జనవరిలో కరోనా వైరసు యొక్క జన్యు వరుసను చైనా శాస్త్రజ్ఞులు లోకమునకు వెల్లడించిరి. ఆ వైరసు పెరుగుటకు అవసరమగు ఒక ముఖ్యమైన ఎంజైము ఆకారము, ఫిబ్రవరి 5వ తేదీన ఈ నిధిలో అందరకు లభించినది. వ్యాసము అచ్చగువరకు ఎవరును వేచియుండలేదు. 1980లలో సంవత్సరపు గడువు కొరకు జరిగిన వాదములను తలచుకొనినచో, లోకము ఎంత దూరము నడచి వచ్చినదో తెలియగలదు.

ఆ సంవత్సరాంతముననే మరియొక అద్భుతము జరిగినది. అమైనో ఆమ్లముల వరుసను చూచి మాంసకృత్తు ఆకారమును ముందుగా చెప్పుట శాస్త్రజ్ఞులకు అర్ధశతాబ్దిగా సవాలై యుండెను. లండనులోని ఒక సంస్థ నిర్మించిన ఆల్ఫాఫోల్డ్ అను కంప్యూటరు విధానము, 2020 చివర జరిగిన పోటీలో ఆ పనిని ఆశ్చర్యకరమైన నైపుణ్యముతో నిర్వహించినది. 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమానములో సగము అందులకై డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ గారలకును, మిగిలిన సగము క్రొత్త మాంసకృత్తులను రూపొందించిన డేవిడ్ బేకర్ గారికిని లభించినది. ఆ కంప్యూటరు ఈ విద్యను ఏ గురువునొద్ద నేర్చెను? నిధిలోని సుమారు 1,70,000 నిర్మాణములే దానికి ఓనమాలు. బహుమానము నందుకొనినవారు కొందరే. కాని తమ బీరువాల తాళములు తీసియిచ్చిన వేలమంది శాస్త్రజ్ఞులకు అందు పాలు కలదు. ఊహించి చెప్పిన ఆకారము ఊహయే గనుక, ప్రయోగముతో సరిచూచు పని ముగిసిపోలేదనియు మనము మరువరాదు.

నిధి యనగా తానంతట నిలుచునది కాదు. వచ్చిన ప్రతి నిర్మాణమును పరీక్షించు నిపుణులు కావలెను, యంత్రములు కావలెను, ఏటేట ధనము కావలెను. వాడుకొనువారి వద్ద రుసుము తీసికొనరు గనుక ఆ వ్యయమును ప్రభుత్వములును, ధర్మసంస్థలును భరింపవలసి యున్నది. చెరువు త్రవ్వించుట ఎంత పుణ్యమో, పూడిక తీయించుటయు అంతే పుణ్యమని మన పల్లెలు ఎరుగును. క్రొత్త పరిశోధనలకు ధనమిచ్చువారు కూడ పాత ఫలితముల పూడిక తీయుటకు ఇచ్చుటలో వెనుదీయుట కలదు. మన దేశములో 2022లో ఫరీదాబాద్ నగరమున భారతీయ జీవశాస్త్ర దత్తాంశ కేంద్రము జాతికి అంకితమైనది. అట్టి సంస్థల విలువ ప్రారంభోత్సవమునాడు గాక, ముప్పది యేండ్ల తరువాత తేలును.

తిరిగి డొరొతీ హాడ్కిన్ గారి ఇన్సులిన్ యొద్దకు వత్తము. ఆమె 34 ఏండ్లకు చదివిన ఆకారము, ఇన్సులిన్ అణువులు ఒకదానితో నొకటి ఎట్లు జతగూడునో తెలిపినది. ఆ జ్ఞానము ఆధారముగా తరువాతివారు దండలో రెండు పూసల స్థానములను తారుమారు చేసి, ఆ జతలు త్వరగా విడిపోవునట్లు చేసిరి. అట్లు పుట్టిన, వేగముగా పనిచేయు ఇన్సులిన్ 1996లో అమెరికాలో అనుమతి పొందినది. హాడ్కిన్ గారు అంతకు రెండేండ్ల ముందే, 1994లో, కన్నుమూసిరి. నేడు మన యిండ్లలో భోజనమునకు కూర్చుండబోవుచు అట్టి ఇన్సులిన్‌ను సూదితో తీసికొను పెద్దలెందరో కలరు. ఆ సూదిమందులో ఒకరి దీర్ఘకాలపు ఓర్పును, మరియొకరి ఉపాయమును కలిసియున్నవి. మొదటివారు తాము చూచినదానిని దాచుకొనియున్నచో రెండవవారికి ఉపాయము తోచెడిదే కాదు.

విద్య యిచ్చినకొలది పెరుగునని మన పెద్దలు చెప్పుచుందురు. వినుటకు అది సులభమైన నీతి. ఇచ్చువాని చేతిలో తన యౌవన మంతయు ధారపోసి తెచ్చిన పట్టిక ఉన్నప్పుడు ఆ నీతి ఎంత కఠినమో ఈ చరిత్ర మనకు చూపుచున్నది. ఏడు నిర్మాణములు రెండు లక్షలగుట యంత్రముల మహిమ మాత్రమే కాదు. ప్రతి పట్టిక వెనుకను, ఇయ్యవలెనా, ఉంచుకొనవలెనా యని యోచించి, తుదకు ఇచ్చుటకే నిశ్చయించుకొనిన మనుష్యుడొకడు కలడు.